ఒక్కసారి నొక్కితే రెండు క్లిక్కులు

శ్రావణ మాసం దగ్గర పడితే మా షాపులో ఊపిరి సలపదు. కాకినాడ జగన్నాథపురంలో నాది చిన్న డీటీపీ షాపు. పెళ్లి కార్డులు, గృహప్రవేశం కార్డులు, బిల్లు పుస్తకాలు, ఇవే మా పని. కిందటి ఏడాది సరిగ్గా ఆ సీజన్‌లోనే ఒక సాయంత్రం, పెళ్లి కార్డులో ముహూర్తం లైను కొంచెం పైకి జరుపుదామని మౌస్‌తో పట్టుకున్నాను. కార్డులు డిజైన్ చేసే కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో ఇది రోజుకు వందసార్లు చేసే పని. ఎడమ బటన్ నొక్కి పట్టుకునే ఉన్నాను, వేలు ఎత్తలేదు. కానీ లాగడం మొదలుపెట్టగానే లైను కదల్లేదు, కర్సర్ వెళ్లి అక్షరాల మధ్యలో కూర్చుంది. నేను డబుల్ క్లిక్ చేశానని కంప్యూటర్ అనుకుంది. నా లాగుడుకు ఒక అంకె సెలెక్ట్ అయింది. అది నా కంట పడలేదు. బొమ్మలూ లైన్లూ పట్టుకుని జరిపే పిక్ టూల్‌కి వెళ్లడానికి స్పేస్ బార్ కొట్టడం చేతికి అలవాటు, కొట్టేశాను. అక్షరాల మధ్య ఉన్నప్పుడు స్పేస్ బార్ టూల్ మార్చదు, సెలెక్ట్ అయినదాన్ని తీసేసి ఖాళీ పెడుతుంది. రాత్రి గం.10-42 ని.లకు అని ఉండాల్సింది గం.10-4 ని.లకు అయింది.

ప్రూఫు చూసుకోవడానికి వచ్చిన పెళ్లికూతురు తండ్రి దాన్ని పట్టుకున్నారు. "ఇదేంటండీ, నలభై రెండు కదా పంతులుగారు రాసిచ్చింది" అన్నారు. కోప్పడలేదు. కానీ ఆయన చూడకపోయి ఉంటే ఆ కార్డులు అలాగే మెషీన్ ఎక్కేవి. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

అప్పటికి నెల రోజులుగా ఆ మౌస్ అలాగే చేస్తోంది. ఫోల్డర్ మీద ఒకసారి నొక్కితే తెరుచుకునేది. వెనక్కి బటన్ ఒకసారి నొక్కితే రెండు పేజీలు వెనక్కి పోయేది. తెలిసినవాళ్లను అడిగితే అందరూ చెప్పింది ఒకటే, విండోస్ సెట్టింగ్స్‌లో డబుల్ క్లిక్ స్పీడ్ మార్చమని. నేనూ మార్చి చూశాను. అది ఎందుకు పనిచేయదో తర్వాత అర్థమైంది. రెండు నొక్కుల మధ్య ఎంత సమయం ఉంటే వాటిని జంటగా లెక్కపెట్టాలి అన్నదే ఆ స్లైడర్ చెప్పేది. మామూలుగా అది 500 మిల్లీసెకన్లు ఉంటుంది. ఎంత ఫాస్ట్‌కి జరిపినా 200 దగ్గర ఆగిపోతుంది. పాడైన స్విచ్ పుట్టించే దొంగ క్లిక్కుల మధ్య దూరం చాలావరకు యాభై మిల్లీసెకన్లు కూడా ఉండదు. 200 మిల్లీసెకన్ల వలలోంచి యాభై జారిపోదు కదా. పైగా నిజంగా డబుల్ క్లిక్ చేయాలన్నప్పుడు వేలికి శ్రమ పెరుగుతుంది, అంతే.

నేను పాలిటెక్నిక్‌లో ఈసీఈ, అంటే ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేశాను. ఉద్యోగం వేరే దారి పట్టింది కానీ సోల్డరింగ్ ఐరన్ మాత్రం ఇంట్లో ఎప్పుడూ ఉంది. మౌస్ తిరగేసి, కింద అంటించిన నల్లటి జారుడు స్టిక్కర్లు నెమ్మదిగా లేపితే వాటి కింద స్క్రూలు కనిపించాయి. పైమూత తీశాక ఎడమ బటన్ కింద ఒక చిన్న నల్ల డబ్బా, నెత్తిమీద బియ్యపు గింజంత బొడిపె. అదే మైక్రోస్విచ్. ఈ రకం స్విచ్‌ను 1932లో అమెరికాలో మెక్‌గాల్ అనే ఆయన కనిపెట్టారు. లిఫ్టులు, మిక్సీలు, వాషింగ్ మెషీన్లు, ఎక్కడ చూసినా దాని వంశమే.

పిన్నీసుతో డబ్బా పక్క నొక్కులు వదులు చేస్తే మూత ఊడి వస్తుంది. బొడిపె ఎగిరి పోతుంది, జాగ్రత్తగా పట్టుకోవాలి. లోపల గోరు వెడల్పు కూడా లేని రాగి రంగు రేకు ఒకటి ఉంటుంది. దాని మధ్యలో నాలుకలా ఒక ముక్క విల్లులా వంగి ఉంటుంది. బొడిపె నొక్కినప్పుడు రేకు కొసన ఉన్న చుక్క పై నుంచి టప్పున కిందికి ఎగురుతుంది. మనకు వినిపించే క్లిక్ శబ్దం అదే. మా అమ్మ పంచాంగం చదువుకునే భూతద్దం తెచ్చి చూశాను. కింద మెరవాల్సిన చుక్క మెరవడం లేదు. మధ్యలో గంధం చుక్కంత నల్లటి మచ్చ, చుట్టూ పొగచూరినట్టు గోధుమ రంగు.

ఆ మచ్చ ఎందుకు వస్తుందో చెప్పుకోవాలి, ఎందుకంటే స్విచ్‌ల తయారీ మీద కోపం తెచ్చుకునేవాళ్లే ఎక్కువ. లోహం మీద గాలికీ తేమకీ సన్నటి పొర కడుతుంది. మా సముద్రపు గాలిలో గేటు గొళ్లెమే రెండేళ్లకు తినేస్తుంది, ఇంత చిన్న చుక్క ఎంత. స్విచ్ గుండా సరిపడా కరెంటు పారితే ప్రతి నొక్కుకూ ఆ పొర కాస్త కాస్త చెదిరిపోతుంది. కానీ ఇప్పటి మౌస్‌లలో చిప్ లోపలి రెసిస్టర్ గుండా వచ్చే కరెంటు మరీ తక్కువ. 3.3 వోల్టులు, 50 కిలో ఓమ్‌లు అనుకుంటే 66 మైక్రో ఆంపియర్లు. మిల్లీ ఆంపియర్‌లో పదో వంతు కూడా కాదు. బ్యాటరీ ఆదా కోసం అలా చేస్తారు, అది తప్పనలేం. కానీ ఆ పొరను చీల్చే సత్తా ఆ కరెంటుకు ఉండదు. అందుకే వేలు నొక్కే ఉంచినా లోపల తగిలీ తగలనట్టు అవుతుంది.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన కాగితపు ముక్కను రెండు చుక్కల మధ్య పెట్టి లాగాను. కాగితం మీద నల్లటి గీత పడింది. బిగించి చూస్తే బాగానే ఉంది. మూడు వారాలు. మళ్లీ మొదలు.

ఆ దసరా సెలవులకు మా అక్క కొడుకు హైదరాబాద్ నుంచి వచ్చాడు, ఇంజినీరింగ్ చదువుతున్నాడు. వాడి గేమింగ్ మౌస్‌కీ ఇదే జబ్బు. ఆ మౌస్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో డిబౌన్స్ టైమ్ అని ఒక సెట్టింగ్ ఉంది, అంటే స్విచ్ తగిలేటప్పుడు వచ్చే ఎగుళ్లు సద్దుమణిగేదాకా ఆగే సమయం. దాన్ని పెంచితే డబుల్ క్లిక్ తగ్గుతుంది. వాడు 16 మిల్లీసెకన్లు పెట్టుకున్నాడు. పెట్టుకుని ఏడుస్తున్నాడు. "నేను చచ్చాక తుపాకి పేలుతోంది మామయ్యా" అన్నాడు. వాడి మానిటర్ 144 హెర్ట్జ్, అంటే సెకనుకు 144 బొమ్మలు, ఒక్కో బొమ్మ ఏడు మిల్లీసెకన్లు ఉంటుంది. పదహారంటే రెండు బొమ్మల వెనక. నాకు పెళ్లి కార్డుకు పదహారు లెక్క కాదు, వాడికి లెక్కే. కానీ వాడి మాట నన్ను పట్టుకుంది. స్విచ్ పాడైతే మనిషి వేగాన్ని ఎందుకు తగ్గించాలి? నొక్కిన వేలు తప్పేం చేసింది?

రెండు రోజులు ఇద్దరం దీని మీదే కూర్చున్నాం. ఆర్డుయినో నానో అనే, మనమే ప్రోగ్రాం రాసుకునే చిన్న బోర్డు తీసుకుని, పాడైన స్విచ్‌కు రెండు వైర్లు కట్టి, ఎప్పుడు తగిలింది ఎప్పుడు విడిపోయింది మైక్రోసెకన్లలో రాసుకునేలా పెట్టాం. నొక్కిన వెంటనే తగిలి, ఎగిరి, మళ్లీ తగలడం ఒకటి రెండు మిల్లీసెకన్లలో అయిపోతోంది. కొత్త స్విచ్‌లోనూ అది ఉంటుంది, ఇంకా తక్కువ. అసలు గొడవ అక్కడ లేదు. నొక్కి పట్టుకున్నప్పుడు మధ్యలో ఉన్నట్టుండి పది, ఇరవై, ఒక్కోసారి నలభై మిల్లీసెకన్లు తెగిపోతోంది. నా ముహూర్తం అంకె పోయింది ఆ తెగిన చోటే.

ఆ రాసుకున్న లెక్కలు చూస్తే ఒక సంగతి తెలిసింది. తగలడం ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. వేలు నొక్కకుండా స్విచ్ దానంతటదే తగిలిన దాఖలా ఒక్కటి కూడా లేదు. అబద్ధం చెప్పేదల్లా విడిపోవడమే.

మౌస్ లోపలి ప్రోగ్రాం ఈ ఎగుళ్లను రెండు రకాలుగా సర్దవచ్చు. ఎవరో తలుపు కొట్టారనుకోండి. కొట్టడం పూర్తిగా ఆగాక, నిజంగా వచ్చారని తేల్చుకుని తలుపు తీయడం ఒక పద్ధతి. మొదటి దెబ్బకే తలుపు తీసేసి, ఆ వెంటనే వినపడే మిగతా దెబ్బలు పట్టించుకోకపోవడం ఇంకో పద్ధతి. మొదటి దాంట్లో ప్రతి నొక్కుకూ ఆలస్యం తప్పదు. రెండో దాంట్లో నొక్కిన క్షణమే కబురు వెళ్లిపోతుంది, ఆలస్యం సున్నా. కరెంటు గోల వల్ల ఊరికే ఒక అల వస్తే రెండో పద్ధతి మోసపోతుంది, నిజమే, కానీ మౌస్‌లోని రెండంగుళాల బోర్డులో అది అరుదు.

అయితే రెండో పద్ధతి ఒక్కటే చాలదు. నొక్కి పట్టుకుని అర సెకను అయ్యాక తెగితే? అప్పటికి పట్టించుకోని గడువు దాటిపోయి ఉంటుంది. అందుకని నొక్కడాన్ని వెంటనే నమ్మాలి, వదలడాన్ని మాత్రం కాసేపు ఆగి నమ్మాలి. వదిలాక ఇరవై, ముప్ఫై మిల్లీసెకన్లలో మళ్లీ తగిలితే అది వదలడమే కాదు. నా వేలితో ఎంత గబగబా కొట్టినా, వదిలి మళ్లీ నొక్కడానికి మధ్య అరవై మిల్లీసెకన్ల కంటే తగ్గలేదు. మేనల్లుడు యాభై దాకా వెళ్లాడు. కాబట్టి ముప్ఫై ఆగితే నిజమైన డబుల్ క్లిక్కులేవీ పోవు. ఎప్పుడో వచ్చే నలభై మాత్రం తప్పించుకుంటుంది. తుపాకి పేలేది నొక్కినప్పుడు, కాబట్టి ఆటలో తేడా రాదు. విండోస్‌లో చాలా బటన్లు పనిచేసేది వదిలినప్పుడు, అక్కడ ముప్ఫై మిల్లీసెకన్ల ఆలస్యం ఉంటుంది. ఎవరికీ తెలియదు, నాకూ తెలియలేదు. కానీ ఉన్నదాన్ని లేదని చెప్పను.

విండోస్ బదులు లైనక్స్ వాడేవాళ్లకు ఈ ఏర్పాటు ముందే ఉంది. లిబ్‌ఇన్‌పుట్ అనే భాగం మౌస్ నొక్కును వెంటనే పంపి, ఆ తర్వాత 25 మిల్లీసెకన్లలో జరిగే ఎగుళ్లను మింగేస్తుంది. మధ్యలో తెగడం కనిపెట్టినప్పుడు మాత్రమే, ఆ మౌస్‌కు మాత్రమే, వదలడాన్ని 12 మిల్లీసెకన్లు ఆపి చూస్తుంది. బాగున్న మౌస్‌కు ఆ శిక్ష వేయదు. ఎవరో ఎంతో శ్రద్ధగా ఆలోచించి రాశారు. నాకు చాలా గౌరవం కలిగింది. విండోస్‌లో మేము ఆటోహాట్‌కీ అనే, నొక్కులను మధ్యలో పట్టుకుని మార్చే ప్రోగ్రాంతో చిన్న స్క్రిప్టు రాసుకున్నాం. ఇంటర్‌నెట్‌లో దొరికే స్క్రిప్టులు చాలావరకు రెండో నొక్కును మాత్రమే ఆపుతాయి. అవి ఫోల్డర్లు తెరుచుకోవడాన్ని ఆపుతాయి కానీ లాగుతున్నది మధ్యలో జారిపోవడాన్ని ఆపలేవు, ఎందుకంటే వదిలిన కబురు అప్పటికే వెళ్లిపోయింది. వదలడాన్నే పట్టుకుని ఆపాలి. షాపు కంప్యూటర్‌లో ఆ స్క్రిప్టు ఇప్పటికీ నడుస్తోంది. మేనల్లుడికి మాత్రం పనికిరాలేదు. కొన్ని ఆటలు ఇలాంటి స్క్రిప్టులు నడుస్తుంటే మోసం కింద లెక్కగడతాయి.

అప్పుడు నాకు స్విచ్ మూడో కాలు గుర్తొచ్చింది.

ఆ డబ్బాకు మూడు కాళ్లు. ఒకటి కదిలే రేకుది. ఒకటి నొక్కినప్పుడు తగిలే చుక్కది. మూడోది, నొక్కనప్పుడు రేకు పైన ఆనుకుని ఉండే చుక్కది. చాలా మౌస్‌లలో మూడో కాలుకు పనే ఉండదు. కొన్ని స్విచ్‌లలో అది ఊరికే బోర్డు మీద నిలబడటానికి పెట్టిన కాలు, లోపల కాంటాక్టే ఉండదు. కానీ రెండు వైపులా కాంటాక్టు ఉన్న స్విచ్ వేసి ఆ కాలును కూడా అడిగితే, ఇక టైమర్‌తో పనే లేదు.

గోదావరి మీద పంటు గుర్తు తెచ్చుకోండి. ఈ రేవు వదిలి ఆ రేవుకు వెళ్లి ఆగేటప్పుడు ఒడ్డుకు రెండు మూడుసార్లు కొట్టుకుంటుంది. అలా కొట్టుకున్న ప్రతిసారీ పంటు వెనక్కి వెళ్లిపోయింది అని ఎవరూ అనరు. ఈ రేవుకు వచ్చి తగిలితేనే తిరిగి వచ్చినట్టు. రేకూ అంతే. కింది చుక్క మీద ఎంత ఎగిరినా, మధ్యలో ఎంత తెగినా, పై చుక్క దాకా పోదు. కింద తగిలితే నొక్కినట్టు, పైన తగిలితేనే వదిలినట్టు, మధ్యలో ఉంటే ముందున్నదే నిజం. ముందున్నదాన్ని ఇలా పట్టి ఉంచే సర్క్యూట్‌నే ఎస్ఆర్ లాచ్ అంటారు. డిప్లొమాలో మా సార్ బోర్డు మీద నాండ్ గేట్లు అనే లాజిక్ ముక్కలు రెండు ఎదురెదురుగా గీసి, "దీని మొదటి ఉపయోగం స్విచ్ డిబౌన్సింగ్" అని చెప్పిన రోజు నాకు గుర్తుంది. మేము దాన్ని అయిదు మార్కుల ప్రశ్నగా రాసుకున్నాం. ఇన్నేళ్ల తర్వాత అది నా బల్ల మీద పని చేసింది.

ఒక 74హెచ్‌సీ00 చిప్‌లో నాండ్ గేట్లు నాలుగు. లాచ్‌కు రెండు కావాలి. అంటే ఎడమ బటన్‌కు ఒక లాచ్, కుడి బటన్‌కు ఒక లాచ్, ఒక్క చిప్‌తో సరి. మేనల్లుడు తన మౌస్ కోసం హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ నుంచి చిప్, రెసిస్టర్లు తెప్పించాడు. స్విచ్‌లు ఆన్‌లైన్‌లో తెప్పించాం, ఒమ్రాన్ డీ2ఎఫ్-01ఎఫ్. రెండు వైపులా కాంటాక్టు ఉంటుంది, చుక్కలకు బంగారం కలిసిన లోహం. తక్కువ కరెంటుకు అదే సరైనది, మా సముద్రపు గాలికి కూడా.

చేయదలచుకున్నవాళ్లకు ఒకటి రెండు జాగ్రత్తలు. రేకు కాలు బోర్డులో గ్రౌండ్‌కు కలిసి ఉందో లేదో ముందు మల్టీమీటర్ బీప్ పెట్టి చూసుకోండి. మాది కలిసి ఉంది. అన్ని మౌస్‌లూ అలా ఉండవు. కొన్నింట్లో బటన్లు ఒకే వైర్లను పంచుకుంటాయి, అక్కడ ఈ పద్ధతి కుదరదు. మూడో కాలు పడే చోటును కూడా బీప్‌తో చూడండి. మా బోర్డులో అది నేరుగా గ్రౌండ్‌కే కలిసి ఉంది. అలాగే వేస్తే లాచ్‌కు ఎప్పుడూ వదిలినట్టే కనిపిస్తుంది. నేను ఆ కాలును బోర్డులో దించకుండా పైకి వంచి, దానికి విడిగా సన్న వైరు వేశాను. నొక్కే కాలుకు వచ్చే గీతను బ్లేడుతో తెంచి, దాని బదులు లాచ్ అవుట్‌పుట్ ఇచ్చాను. రెండు అవుట్‌పుట్‌లలో నొక్కినప్పుడు సున్నా అయ్యేదే ఇవ్వాలి, మౌస్ చిప్ అలవాటు పడింది దానికే. మౌస్ చిప్ ఎన్ని వోల్టుల మీద నడుస్తోందో లాచ్‌కూ అంతే ఇవ్వాలి. మాది 3.3. రెసిస్టర్లు 3.3 కిలో ఓమ్‌లు వేశాను, అప్పుడు స్విచ్ గుండా సరిగ్గా ఒక మిల్లీ ఆంపియర్ పారుతుంది. మురికి పొరను చీల్చడానికి కాస్త బలం.

చిప్‌ను తలకిందులుగా పెట్టి, రెండు వైపులా అంటుకునే టేపుతో మౌస్ గోడకు అంటించాం. మూత బిగించే ముందు వాడు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. సాఫ్ట్‌వేర్ తెరిచి డిబౌన్స్ టైమ్ 16 నుంచి ఉన్నంతలో అతి తక్కువకి దించాడు. నొక్కాడు. ఒకటే క్లిక్. ఆర్డుయినోకు లాచ్ అవుట్‌పుట్ కలిపి వెయ్యిసార్లు నొక్కించాను, వేళ్లు నొప్పి పుట్టేదాకా వంతులు వేసుకున్నాం. వెయ్యికి వెయ్యి, ఒక్కటి ఎక్కువ లేదు, తక్కువ లేదు. అంతటితో నాకు నమ్మకం కుదరలేదు. పాత మౌస్‌లోని నల్లబడ్డ స్విచ్‌తోనూ చూద్దామని, దాని మూడో కాలును మల్టీమీటర్‌తో చూస్తే లోపల కాంటాక్టు లేనే లేదు. ఆ పరీక్ష చేయలేకపోయాను.

ఇంత పని వద్దనుకునేవాళ్లు కాంతితో పనిచేసే స్విచ్‌లున్న మౌస్ కొనుక్కోవచ్చు. 2019లో వచ్చిన రేజర్ వైపర్‌లో అలాంటివే ఉన్నాయి. లోపల కంటికి కనపడని కాంతి పుంజం ఉంటుంది, బటన్ నొక్కిందీ లేనిదీ దాన్ని బట్టే తెలుస్తుంది. లోహం లోహాన్ని తాకి కబురు చెప్పాల్సిన పని లేదు కాబట్టి నల్లబడేదీ లేదు, ఎగుళ్ల కోసం ఆగాల్సిన పనీ లేదు. క్లిక్ స్పర్శ కొంచెం వేరుగా ఉంటుంది, చేత్తో నొక్కి చూసి కొనడం మంచిది.

మేనల్లుడు వెళ్లి ఆరు నెలలు దాటింది. ప్రతి ఆదివారం ఫోన్ చేసినప్పుడు అమ్మ బాగుందా అని అడిగాక మౌస్ బాగుందా అని నేను అడుగుతాను, బాగుంది మామయ్యా అంటాడు. ఇప్పుడు వాడి స్నేహితుడి వైర్‌లెస్ మౌస్ నా బల్ల మీద విప్పి ఉంది. అందులో ఒక చిక్కు వచ్చింది. మూడో కాలు నొక్కనప్పుడు తగిలే ఉంటుంది కాబట్టి ఆ మిల్లీ ఆంపియర్ ఎప్పుడూ పారుతూనే ఉంటుంది, రెండు బటన్లకు రెండు. వైరున్న మౌస్‌కు అది లెక్క కాదు, బ్యాటరీ మౌస్‌కు చాలా ఎక్కువ. పైకి ఆనే వైపు రెసిస్టర్‌ను ఒక మెగా ఓమ్‌కు పెంచి, నొక్కే వైపు మాత్రం 3.3 కిలో ఓమ్‌లే ఉంచి చూస్తున్నాను. ఊరికే ఉన్నప్పుడు ఒక్కో బటన్‌కు మూడు మైక్రో ఆంపియర్లకు దిగింది. పై చుక్క అంత తక్కువ కరెంటుతో మా ఊరి వర్షాకాలం తట్టుకుంటుందో లేదో చూడాలి. స్విచ్ మూత తీసే ఉంచి, కిటికీ దగ్గర పెట్టాను.